మంచం పక్కన గడిపే గంటలు

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)



ఆరోగ్య విజ్ఞానాల్లో డిగ్రీ పుచ్చుకోవాలంటే ఏమేం కావాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. సుబ్బారావు గారి పేరు మీద జరిగే సభకు ఇది చాలా తగిన విషయం. డిగ్రీ దగ్గర ఆయనకు జరిగిన అన్యాయం మనందరం గుర్తుపెట్టుకోవలసినది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియట్ చదివి, మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. స్నేహితులూ, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారూ చదువుకు డబ్బు సర్దారు. అవి గాంధీగారు విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు గారు ఆపరేషన్ థియేటర్‌లోకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్ళారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగా రాసిన విద్యార్థికి చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు. అంతకంటే తక్కువదైన ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ ఇచ్చి పంపారు.

ఆ సర్టిఫికెట్‌తో ఆయన మద్రాసులో డాక్టర్ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ చెప్పారు. తర్వాత బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదివారు. పొట్ట గడవడానికి అక్కడి ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. వైద్యం చదివినవాడు రోగుల కింద బెడ్‌పాన్లు పెట్టి తీశాడు. ఆ తర్వాతి సంగతులు మీకు తెలుసు. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. బయోకెమిస్ట్రీ ల్యాబులో పిల్లలు ఫిస్క్-సుబ్బారావ్ పద్ధతి అని రికార్డుల్లో రాసుకునేది దాన్నే. కండరాల్లో శక్తికి ఆధారమైన ఏటీపీ పని 1929 నాటిది. 1940లో లెడర్లే అనే మందుల కంపెనీకి వెళ్ళాక ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసింది. ఆయన అన్నదమ్ములను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధికి మందు అదే. గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగిస్తూ వచ్చిన డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన పరిశోధనశాల నుంచి వచ్చిందే.

ఈ కథ విని "చూశారా, డిగ్రీలో ఏముంది, ప్రతిభ ఉంటే చాలు" అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. వైద్యం ప్రతిభ ఒక్కదానితో నడిచే వృత్తి అయితే, ప్రతి ఊళ్ళోనూ ప్రతిభావంతులమని చెప్పుకునేవాళ్ళ చేతుల్లో జనం ప్రాణాలు పెట్టవలసి వస్తుంది. డిగ్రీ కావాలి, అర్హతలు కావాలి, వాటిని గట్టిగా పట్టుకోవాలి. సుబ్బారావు గారికి జరిగిన అన్యాయం మరో రకమైనది. రోగికి ఏ సంబంధమూ లేని ఒక విషయాన్ని, ఒంటి మీది బట్టను, అర్హతకు కొలబద్దగా చేశారు. డిగ్రీకి పెట్టే ప్రతి షరతునూ "దీనివల్ల రోగికి ఏం ఒరుగుతుంది?" అని అడిగి చూడాలి. ఈరోజు నా ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే.

ముందు లోపలికి అడుగుపెట్టడానికి కావలసినవి చెబుతాను. ఇవి మీ ఇళ్ళలో అందరికీ కంఠతా వచ్చినవే కాబట్టి త్వరగా ముగిస్తాను. ఎంబీబీఎస్‌కు పదిహేడేళ్ళు నిండాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీషు ఉండాలి. నీట్‌లో అర్హత రావాలి. 180 ప్రశ్నలు, 720 మార్కులు, మూడు గంటలు. ప్రశ్నపత్రం తెలుగులోనూ దొరుకుతుంది. బీఎస్సీ నర్సింగ్‌కు ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం ప్రకారం పదిహేడేళ్ళు నిండాలి, సైన్స్ సబ్జెక్టుల్లో మొత్తం మీద 45 శాతం మార్కులుండాలి, ఇంగ్లీషు పాసవ్వాలి. ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, ఆప్టోమెట్రీ, రేడియాలజీ కోర్సులకు కూడా పునాది ఇంటర్ సైన్సే.

మన రెండు రాష్ట్రాల్లో ఈ మొదటి మెట్టు మీద పెట్టే డబ్బు, నిద్ర, కన్నీళ్ళు చూస్తే గుండె తరుక్కుపోతుంది. ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచిలు. ఇంటర్ రెండేళ్ళు హాస్టల్. ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్. ఇంకా రాకపోతే మరో లాంగ్ టర్మ్. ఆ తర్వాత కటాఫ్‌లు, ఎ కేటగిరీ, బి కేటగిరీ, వెబ్ ఆప్షన్లు. సీటు వచ్చిన రోజు ఇంట్లో పండగ. ఆ మర్నాటి నుంచి ఆ పిల్ల ఏం నేర్చుకుంటోందో ఎవరూ అడగరు. ఫీజు కట్టే తేదీలు, సప్లీలు మాత్రం అడుగుతారు. సీటు కోసం చూపిన పట్టుదలలో నాలుగో వంతైనా సీటు తర్వాతి ఏళ్ళ మీద చూపిస్తే మన ఆస్పత్రులు మరోలా ఉంటాయని నా గట్టి నమ్మకం.

ఎందుకంటే అసలు అర్హతలన్నీ లోపలే ఉన్నాయి.

ఎంబీబీఎస్ యాభై నాలుగు నెలల చదువు, ఆపైన పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు, క్లినికల్స్‌కు 80 శాతం హాజరు ఉండాలి. మొదటి ప్రొఫెషనల్ పరీక్షకు నాలుగు అవకాశాలే. 2019 నుంచి అమలైన పాఠ్యప్రణాళికలో ఏ పని ఎంతవరకు రావాలో కూడా రాసి పెట్టారు. విషయం తెలిస్తే చాలా, ఎలా చెయ్యాలో తెలియాలా, చేసి చూపించాలా, ఎవరి సాయం లేకుండా స్వయంగా చెయ్యాలా అని ప్రతి నైపుణ్యం పక్కనా మెట్టు సూచించారు. విద్యార్థి దగ్గర లాగ్‌బుక్ ఉంటుంది. చేసిన పని, తేదీ, ఎన్నిసార్లు చేసిందీ, ఎలా చేసిందీ, కింద టీచరు సంతకం. చదువుతుంటే ముచ్చటగా ఉంటుంది. దాన్ని రాసినవాళ్ళకు నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను.

నర్సింగ్ నియమం ఇంకా గట్టిది. నాలుగేళ్ళు, 2021 నాటి కొత్త సిలబస్ ప్రకారం ఎనిమిది సెమిస్టర్లు. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు చాలు. డిగ్రీ చేతికి రావాలంటే మాత్రం ప్రతి ప్రాక్టికల్ విభాగంలోనూ నూటికి నూరు శాతం హాజరు పూర్తి చెయ్యాలి. జ్వరం వచ్చి పిల్లల వార్డు డ్యూటీ నాలుగు రోజులు పోతే, ఆ నాలుగు రోజులూ మళ్ళీ పిల్లల వార్డులోనే చెయ్యాలి, వేరేచోట చేసి సరిపెట్టడానికి వీల్లేదు. ఆరోగ్య విద్యలో ఉన్న షరతులన్నిటిలోకీ నాకు ఎక్కువ గౌరవం ఉన్నది దీని మీదే. పైన నేను చెప్పిన ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే షరతు ఇది. మంచం పక్కన ఉండకుండా నర్సు కాలేవని చెబుతోంది.

చాలామంది గమనించని ఒక చట్టం 2021లో వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, ఆప్టోమెట్రిస్టులు, డయాలసిస్, అనస్థీషియా, రేడియాలజీ టెక్నాలజిస్టులు, ఇంకా ఎందరినో ఒక జాతీయ కమిషన్ కిందికి తెచ్చిన చట్టం. అంతకు ముందు వీళ్ళలో చాలా వృత్తులకు దేశమంతటికీ ఒక ప్రమాణమంటూ లేదు. ఆ చట్టం అర్హతను గంటల్లో చెబుతుంది. అనుబంధ ఆరోగ్య వృత్తుల్లో డిప్లొమా గానీ డిగ్రీ గానీ కనీసం 2,000 గంటలు, రెండు నుంచి నాలుగేళ్ళలో. సొంతంగా సలహా, చికిత్స, పునరావాసం అందించే వృత్తులకు డిగ్రీ కనీసం 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్ళలో. ఏళ్ళు గడవడం వేరు, గంటలు గడపడం వేరు. క్యాలెండర్ దానంతటదే తిరిగిపోతుంది. గంటలు మనిషి అక్కడ నిలబడితేనే పోగవుతాయి.

ఇంత మంచి నియమాలుండగా లోటు ఎక్కడుంది? ఒక చిన్న పని తీసుకుని చూపిస్తాను. ఊపిరి లెక్కపెట్టడం.

ఆరోగ్య విద్యలో చేరిన ప్రతి ఒక్కరూ, ఏ కోర్సైనా సరే, మొదట నేర్చుకునే నాలుగైదు పనుల్లో ఇదొకటి. పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. లెక్కపెట్టడానికి యంత్రం అక్కర్లేదు, సెకన్ల ముల్లున్న గడియారం చాలు. ఒక్కటే మెలకువ. లెక్కపెడుతున్నారని రోగికి తెలియకూడదు. తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టే మణికట్టు మీద వేళ్ళు అలాగే ఉంచి, కళ్ళు మాత్రం ఛాతీ మీదకు తిప్పి, పూర్తిగా ఒక నిమిషం చూడాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణించకూడదు. రోగి పరిస్థితి దిగజారుతోందని మిగతావాటికన్నా ముందే చెప్పే గుర్తుల్లో ఇదొకటి. పల్లెల్లో పసిపిల్లల న్యుమోనియాను పట్టుకునేదీ దీనితోనే. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ లోపు 40, లేదా ఆపైన ఉంటే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన ఏఎన్‌ఎంలకు నేర్పేది ఆ లెక్కే.

ఇప్పుడు ఏ వార్డులోనైనా కేస్ షీట్లు తిరగేయండి. ఊపిరి లెక్క రాసే గడిలో ఏముంటుందో ఇక్కడున్న డాక్టర్లకూ నర్సులకూ నేను చెప్పక్కర్లేదు. 20. మర్నాడు 20. ఆ మర్నాడూ 20. పక్క మంచం మీద 18 ఉంటే అక్కడా రోజూ 18. జ్వరంతో వణుకుతున్నవాడికీ, డిశ్చార్జికి సంచి సర్దుకుంటున్నవాడికీ ఒకటే అంకె.

మా ఆస్పత్రి వార్డులో ఒకసారి ఎంబీబీఎస్ మూడో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి డెబ్బయ్యేళ్ళ మామ్మగారి మంచం దగ్గర ఆగింది. "నాడి చూస్తాను, చెయ్యివ్వండి మామ్మా" అంది. ఆవిడ "చూడు తల్లీ" అని చెయ్యి చాపి కళ్ళు మూసుకుంది. అమ్మాయి గడియారం వైపూ, ఆవిడ ఛాతీ వైపూ మార్చి మార్చి చూసింది. నిమిషం అయ్యాక నా దగ్గరకొచ్చి మెల్లిగా, "మేడమ్, నాకు 34 వచ్చింది. షీట్‌లో 20 ఉంది. నేనే ఎక్కడో తప్పు లెక్కపెట్టినట్టున్నాను" అంది. మళ్ళీ లెక్కపెట్టమన్నాను. ఈసారి 36. అప్పుడు నేనూ చూశాను. మెడ కండరాలు ఊపిరితో పాటు బిగుస్తున్నాయి, వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ తగ్గి ఉంది. ఎక్స్‌రేలో న్యుమోనియా. మామ్మగారు కోలుకుని ఇంటికెళ్ళారు.

నన్ను కదిలించింది ఆ అమ్మాయి అన్న మాట. కళ్ళతో చూసి తాను లెక్కపెట్టిన 34 కన్నా, కాగితం మీద ఎవరో రాసిన 20 నిజమని అనుకుంది. మనం పన్నెండేళ్ళపాటు కాగితాన్ని నమ్మడం నేర్పి, ఆ నమ్మకానికి ర్యాంకు కూడా ఇచ్చి, తర్వాత ఒక్కసారిగా రోగిని నమ్మమంటున్నాం. ఈ మార్పు దానంతటది రాదు. మంచం పక్కన, తెలిసినవాళ్ళు తోడుండగా గంటలు గడిస్తేనే వస్తుంది. ఆ గంటలు రిజిస్టర్‌లో మాత్రమే గడిచిపోయినప్పుడు, లాగ్‌బుక్ నెలాఖరున ఒకేసారి నిండి ఒకే పెన్నుతో సంతకాలు పడినప్పుడు, డిగ్రీ చేతికొచ్చినా అర్హత రాలేదన్నమాట. ఇందులో విద్యార్థుల తప్పు తక్కువ. సంతకం పెట్టేవాళ్ళు టీచర్లు, అంటే నాలాంటివాళ్ళు. ఒక టీచరు వెనక నలభై మంది నిలబడితే ఎవరు ఏం చేశారో చూడడం ఆ టీచరుకూ సాధ్యం కాదు. ఆస్పత్రిలో మంచాలుండి, వాటి మీద రోగులు లేకపోతే అసలు చూడడానికే ఏమీ ఉండదు. నర్సింగ్ కౌన్సిల్ కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆస్పత్రి ఉండాలనీ, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున ఉండాలనీ అన్నది ఊరికే కాదు.

డిగ్రీ షరతులకు కొలబద్ద రోగి అవసరమేనన్న మాట ఈ దేశంలో కొత్తగా ఎవరూ కనిపెట్టలేదు. 1943లో నియమించిన జోసెఫ్ భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చింది. సుబ్బారావు గారి చేతిలో పెట్టినటువంటి కిందిస్థాయి సర్టిఫికెట్లు తీసేసి దేశమంతటికీ ఒకే ప్రమాణమున్న వైద్యుడు ఉండాలని సిఫార్సు చేసింది. సభ్యుల్లో కొందరు ఒప్పుకోలేదు, పల్లెలకు డాక్టర్లెవరు వెళతారని వాళ్ళ బెంగ. ఆ బెంగ ఈనాటికీ తీరలేదు. అదే నివేదిక వైద్య విద్యార్థికి వ్యాధి నివారణలో, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ కావాలంది. ఇప్పటి ఇంటర్న్‌షిప్ నియమాల్లో కమ్యూనిటీ మెడిసిన్‌కు పన్నెండు వారాలు కేటాయించారు. 1977లో రోమ్ పథకం పేరుతో కాలేజీలను గ్రామాలకు తిప్పాలని చూశారు, వ్యాన్లు వచ్చాయి, ఉత్సాహం ఎక్కువ కాలం నిలవలేదు. 2022 నుంచి ప్రతి ఎంబీబీఎస్ విద్యార్థీ మొదటి ఏడాది నుంచే పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వాళ్ళ ఆరోగ్యాన్ని వరుసగా గమనించాలి. కమ్యూనిటీ మెడిసిన్ నా సబ్జెక్టు కాబట్టి నాకు దీని మీద పక్షపాతం ఉంటే ఉండనివ్వండి, ఇది చాలా మంచి షరతు. నగరంలో హాస్టల్ గోడల మధ్య పెరిగిన పిల్లవాడు ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, ఆ ఇంటాయన బీపీ మాత్ర ఎందుకు మానేశాడో అడుగుతాడు. మాత్రలు ఒక నెలవే ఇచ్చారనీ, మళ్ళీ ఆస్పత్రికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుందనీ వింటాడు. ఆ జవాబు పుస్తకంలో ఉండదు. ఫొటో దిగి బస్సెక్కి వచ్చేస్తే ఈ షరతు కూడా 20 అంకెలాగే తయారవుతుంది.

భాష గురించీ చెప్పాలి. చదువు ఇంగ్లీషులో సాగుతుంది. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన పిల్లలు కూడా మన కాలేజీల్లో ఉంటారు. మొదటి ఏడాది ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష నేర్పాలని నియమం ఉంది. అది కొన్ని గంటల తరగతితో వచ్చేది కాదు. మన తెలుగు పిల్లలకే అది చాలదు. శ్రీకాకుళం రైతూ, ఆదిలాబాద్ గోండు తల్లీ, అనంతపురం కూలీ నొప్పిని ఒకే మాటల్లో చెప్పరు. ఫిజియోథెరపీ విద్యార్థి పక్షవాతం వచ్చిన మనిషితో రోజూ అరగంట గడిపేది ఆ మనిషి భాషలోనే. ఓపిగ్గా వినడం లాగ్‌బుక్‌లో ఒక గడిగా ఉండాలని నేను చాలాకాలంగా అడుగుతున్నాను.

మన తెలుగువాళ్ళకు ఆరోగ్య విద్య విషయంలో కొంత ముందు నడిచిన చరిత్ర ఉంది. 1923లోనే విశాఖపట్నంలో మెడికల్ కాలేజీ మొదలైంది. 1986లో విజయవాడలో ఆరోగ్య విద్యలన్నిటికీ కలిపి ఒక విశ్వవిద్యాలయం పెట్టారు, ఇప్పటి ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం. ఆ పని దేశంలో ముందు చేసింది మనమే. తెలంగాణ వచ్చాక వరంగల్‌లో కాళోజీ గారి పేరుతో రెండోది వచ్చింది. ఈ రెంటినీ నేను కోరేది ఒక్కటి. ప్రాక్టికల్ పరీక్షల్లో చిన్న పనులకు మార్కులు పెంచండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ముందు అభ్యర్థి చేతులు కడుక్కోవాలి, ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి, ఒక మందును ఎలా వాడాలో రోగికి తెలుగులో చెప్పాలి. అరుదైన గుండె చప్పుడు గురించి తర్వాత అడగవచ్చు. ఎంబీబీఎస్ చివర పెట్టాలని చట్టంలో రాసిన నెక్స్ట్ పరీక్ష ఇంకా అమలులోకి రాలేదు. వచ్చినప్పుడు అది కూడా బహుళైచ్ఛిక ప్రశ్నల బరువుతో మరో నీట్‌లా మారితే, చివరి ఏడాది పిల్లలు వార్డు వదిలి కోచింగ్ గదుల్లోకి వెళ్ళిపోతారు. పీజీ ప్రవేశపరీక్ష కోసం ఇంటర్న్‌షిప్ ఏం పాడైపోతోందో ఇప్పటికే చూస్తున్నాం. మంచం దగ్గర పెట్టే పరీక్షకు గట్టి చోటు ఉండేలా చూడమని ఇప్పుడే అడగాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు మీరు ఫీజు, హాస్టల్, ఊరు, నిరుడు ఏ ర్యాంకు దాకా సీటు వచ్చిందో కనుక్కుంటారు. మరికొన్ని అడగండి. ఈ కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, లేక ఎవరిదో చూపిస్తున్నారా? రోజుకు ఓపీకి ఎంతమంది వస్తారు? నెలకు ఎన్ని కాన్పులు జరుగుతాయి? రాత్రి క్యాజువాలిటీలో విద్యార్థులకు డ్యూటీ వేస్తారా? ల్యాబ్ కోర్సైతే, పిల్లల చేతికి నిజమైన రక్త నమూనాలు వస్తాయా, లేక చివరి ఏడాది దాకా పాత స్లయిడ్లేనా? కోర్సు గుర్తింపు ఏ కౌన్సిల్ ఇచ్చింది, పాసయ్యాక రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ అవుతుందా? ఈ చివరి ప్రశ్న అడగక, నాలుగేళ్ళ తర్వాత సర్టిఫికెట్ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే పిల్లలను నేను చూశాను.

బ్రోషర్ చూసి తృప్తి పడకండి. పనిరోజు చూసుకుని ఉదయం తొమ్మిదింటికి ఆ ఆస్పత్రికి వెళ్ళండి. మధ్యాహ్నం దాకా ఓపీ వరండాలో కూర్చోండి. ఎంతమంది రోగులు వచ్చారో, వాళ్ళ పక్కన తెల్లకోటు వేసుకున్న పిల్లలు ఎంతమంది నిలబడ్డారో, వాళ్ళతో పాటు ఒక టీచరు ఉన్నారో లేదో చూసి, ఆ తర్వాత ఆప్షన్ పెట్టండి.